నర్సరీ పిల్లలకి ఆటలు, కథలతో ఎలా నేర్పించాలి: మా క్లాసులో నేను చేసే పద్ధతి

గేటు దగ్గర రోజూ వినే ప్రశ్న ఒకటుంది, "ఇవాళ ఏం రాయించారు టీచర్?" అని. అడిగే అమ్మల తప్పేం లేదు, ఫీజు కడుతున్నారు, సాయంత్రం బ్యాగ్ తెరిస్తే పుస్తకంలో ఏదో ఒకటి కనబడాలి కదా. కానీ ఆ ప్రశ్న అడిగిన ఒకావిడ కొడుకు ఆ పొద్దున ఏం చేశాడో చెప్తాను వినండి. ఇసక తొట్టి దగ్గర కూర్చుని చిన్న టీ కప్పుతో డబ్బాలోకి ఇసక పోస్తున్నాడు, ఒకటి, రెండు, మూడు అంటూ. ఏడో కప్పుకి ఇసక పక్కకి జారిపోయింది. ఆగి చూశాడు. డబ్బా మొత్తం కుమ్మరించేసి మళ్ళీ మొదట్నుంచి పోశాడు, మళ్ళీ ఏడో కప్పుకే జారింది. అప్పుడు నా వైపు తిరిగి "ఆరే పడతయ్ టీచర్, ఏడు పట్టవ్" అన్నాడు. వాడికి నాలుగేళ్ళు నిండి నాలుగు నెలలు. 1 నుంచి 10 దాకా నోట్‌బుక్‌లో వంద సార్లు రాయించినా ఈ మాట వాడి నోట్లోంచి రాదు, ఎందుకంటే ఇది వాడు సొంతంగా కనిపెట్టుకున్నది.

నేను ఖమ్మం వైపు ఒక చిన్న స్కూల్లో 13 ఏళ్ళుగా మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్ని చూస్తున్నాను, క్లాసులో 24 మంది, నేనూ ఒక ఆయమ్మా. ఈ రాసేదంతా కొత్తగా నర్సరీ క్లాస్ తీసుకున్న టీచర్ల కోసం, ఇంట్లో ఆ వయసు పిల్లలున్న వాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది. ముందే ఒక మాట, ఆటలతో నేర్పించడమంటే పిల్లల్ని వదిలేసి మనం ఫోన్ చూసుకోవడం కాదు, అలాగని ఆట మధ్యలో దూరి పాఠం చెప్పడమూ కాదు. ఏ సామాను పెట్టాలో ముందే ఆలోచించుకుని పెట్టడం, పక్కన కూర్చుని చూడటం, అవసరమైనప్పుడు ఒక్క మాట అనడం, మిగతా టైమంతా నోరు మూసుకోవడం. ఈ నాలుగోది రావడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ముందు సామాను సంగతి

కొనాల్సింది చాలా తక్కువ. మా క్లాసులో ఎక్కువ ఆడేవి ఏంటంటే కొబ్బరి చిప్పలు, గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కంకులు, ఖాళీ అట్టపెట్టెలు, పాత స్టీల్ గిన్నెలు, గరిటెలు, రెండు పాత చీరలు, నాలుగు కండువాలు, వాటర్ బాటిల్ మూతలు ఒక సంచి నిండా, ఏట్లోంచి తెచ్చిన గులకరాళ్ళు. బ్యాటరీతో పాటలు పాడే బొమ్మని పిల్లాడు పది నిమిషాలు చూసి పక్కన పడేస్తాడు, ఎందుకంటే అది చేసేదంతా అదే చేసేస్తుంది, వాడు చేయడానికి ఏం మిగలదు. కొబ్బరి చిప్ప అలా కాదు, ఒక రోజు గిన్నె అవుతుంది, ఒక రోజు తాబేలు, ఒక రోజు టోపీ, ఇంకో రోజు రెండు చిప్పలు కొట్టుకుంటే గుర్రం. కొనగలిగితే మాత్రం ఏటికొప్పాక బొమ్మలు కొన్ని తీసుకోండి, అంకుడు కర్రతో చేసి లక్క పూస్తారు, గింజలూ చెట్టు బెరళ్ళ నుంచి తీసిన రంగులు, నున్నగా ఉంటాయి, చిన్న చేతికి సరిగ్గా పడతాయి. బొంగరం ఒక్కటి తిప్పడం నేర్చుకోవడానికి మా పిల్లలు వారాలు తిప్పలు పడతారు, ఆ తిప్పలే తర్వాత పెన్సిల్ పట్టుకునే వేళ్ళకి బలం.

మట్టికి వినాయకచవితి సీజన్‌లో బంకమట్టి దొరుకుతుంది, అప్పుడే ఒక బస్తా తెచ్చి తడి గోనెలో చుట్టి పెట్టుకోండి. దొరకనప్పుడు గోధుమపిండి రెండు గ్లాసులు, ఉప్పు ఒక గ్లాసు, ఒక చెంచా నూనె, నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా కలపండి, రంగుకి పసుపో బీట్‌రూట్ రసమో వేస్తే చాలు. మూత పెట్టి ఉంచితే కొన్ని రోజులు వస్తుంది. ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి తిననివ్వొద్దు, నాలుక్కి తగిలించుకుని మొహం చిట్లించుకోవడం మాత్రం ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతుంది.

జాగ్రత్తల గురించి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. మూడేళ్ళ లోపు పిల్లలున్న చోట, అలాగే ఇంకా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లల దగ్గర, చింతగింజలు, గవ్వలు, పూసలు, బటన్ బ్యాటరీలు ఉన్న బొమ్మలు అసలు పెట్టకండి. నీళ్ళ టబ్బులో రెండు వేళ్ళ లోతు మించి నీళ్ళు వద్దు, ఆ కాసిని నీళ్ళ దగ్గర కూడా పెద్దవాళ్ళు పక్కనుంచి లేవకూడదు, ఆట అవ్వగానే పారబోసేయాలి. నా మొదటి ఏడాదిలో ఒక పాప చింతగింజ ముక్కులో పెట్టుకుంది, డాక్టర్ దగ్గరకి పరిగెత్తాం, ఆ అరగంట నాకు ఇప్పటికీ గుర్తొస్తే చేతులు చల్లబడతాయి. అప్పట్నుంచి గింజలు నాలుగేళ్ళు దాటిన వాళ్ళకే, అదీ నేను ఎదురుగా ఉన్నప్పుడే, లెక్కపెట్టి ఇస్తాను, లెక్కపెట్టి తీసుకుంటాను. "పది ఇచ్చాను, పదీ ఇంటికి రావాలి" అంటాను. భయంతో పెట్టుకున్న రూలే కానీ తర్వాత అదే మంచి లెక్కల ఆట అయిపోయింది, తొమ్మిదే వస్తే పిల్లలంతా చాపలు ఎత్తి మరీ వెతుకుతారు, పదోది దొరికినప్పుడు ఆ అరుపులు వినాలి మీరు.

రూమ్ ఎలా సర్దాలి

పెద్ద హాలు అక్కర్లేదు. నాలుగు చాపలు నాలుగు మూలలకి వేస్తాను. ఒకటి ఇల్లు, ఒకటి కట్టే ఆటలు, ఒకటి మట్టీ నీళ్ళూ, అది గుమ్మం దగ్గర వరండాలో, ఇంకోటి పుస్తకాలు బొమ్మలు. చాపకి ఆరుగురు. ఎవరు ఎక్కడికి పోవాలో పిల్లలే చెప్పాలి, ఆరు చెప్పులు విడిచి ఉంటే ఆ చాప నిండిపోయినట్టు, ఏడోవాళ్ళు ఇంకో చాప చూసుకోవాలి, ఈ చెప్పుల లెక్క వారంలో పట్టేస్తారు. టైమ్ మాత్రం కనీసం 45 నిమిషాలు ఇవ్వండి. ఇరవై నిమిషాల ప్లే పీరియడ్ అని టైమ్ టేబుల్‌లో పెడతారు చూడండి, అందులో ఏమీ జరగదు, ఎందుకంటే నువ్వు అమ్మ, నేను డాక్టర్, ఇది హాస్పిటల్ అని తేల్చుకోవడానికే పావుగంట పడుతుంది, అసలు ఆట మొదలయ్యే సరికి బెల్ కొడతారు.

బస్సాట

అందరికీ నేను ముందు చెప్పేది ఈ ఆటే. మన చిన్నప్పుడు గుజ్జనగూళ్ళు ఆడుకున్నాం, బొమ్మల పెళ్ళిళ్ళు చేశాం, ఇప్పటి పిల్లలు బస్సు, హాస్పిటల్, కిరాణాకొట్టు ఆడతారు, లోపల జరిగేది అదే. కుర్చీలు రెండు వరసల్లో పెట్టండి, డ్రైవర్‌కి ఒక స్టీల్ ప్లేటు స్టీరింగ్, కండక్టర్‌కి భుజానికి ఒక సంచి, పాత పేపర్ చింపిన టికెట్లు. అంతే. మిగతాది వాళ్ళు చూసుకుంటారు.

ఒకసారి మా కండక్టర్ ఒక నాలుగున్నరేళ్ళ పాప. ఎక్కిన ఆడపిల్లలందర్నీ "ఆధార్ చూపించండి" అని అడిగి "జీరో టికెట్" అని చించి ఇస్తోంది, మగపిల్లల దగ్గర మాత్రం డబ్బులు తీసుకుంటోంది. మా తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఫ్రీ కదా, అమ్మతో బస్సెక్కినప్పుడు చూసింది మొత్తం పట్టేసింది. ఒక బాబు "నాకెందుకు జీరో ఇవ్వవ్?" అని గొడవ. ఆ పాప ఆలోచించి "నువ్ చిన్నోడివి, నీకు టికెట్టే లేదు, అమ్మ ఒళ్ళో కూసో" అంది. ఇందులో ఏమేం ఉన్నాయో చూడండి, ఒక్కో మనిషికి ఒక్కో టికెట్ అనేది లెక్కలకి పునాది, సున్నా అంటే ఏంటో తెలిసింది, రూల్ ఎవరికి వర్తిస్తుంది ఎవరికి వర్తించదు అని వాదించింది, అవతలివాడు ఏడవకుండా ఒక దారి చూపించింది. ఇవన్నీ వర్క్‌షీట్‌లో పెట్టండి చూద్దాం, పెట్టలేం.

ఇంకో సంగతి కూడా బస్సాటలోనే చూశాను. రెండు నిమిషాలు ఒక చోట కూర్చోని పిల్లాడు, ప్రేయర్‌లో కూడా గెంతేవాడు, డ్రైవర్ అయితే మాత్రం బస్సు స్టాండ్‌కి చేరేదాకా కదలడు, ఎందుకంటే డ్రైవర్ లేస్తే బస్సు పడిపోతుంది అని వాడికి తెలుసు. రష్యాలో వైగోట్‌స్కీ అనే సైకాలజిస్టు 1930ల్లోనే చెప్పాడు, ఆటలో పిల్లాడు తనకన్నా ఒక తల ఎత్తు ఎక్కువుంటాడని. ట్రైనింగ్‌లో ఆ వాక్యం పరీక్ష కోసం బట్టీ పట్టాను, ఆ పిల్లాడ్ని చూశాకే అర్థమైంది. అందుకే కూర్చోని పిల్లల్ని కూర్చోపెట్టాలంటే "కదలకు" అని అరవకండి, కూర్చోవాల్సిన పని ఉన్న పాత్ర ఇవ్వండి, డ్రైవర్, వాచ్‌మన్, కటింగ్ షాపులో కస్టమర్, గుడ్ల మీద కూర్చున్న కోడి.

గొడవలు వస్తాయి, స్టీరింగ్ ప్లేటు ఒక్కటే, కావాల్సినవాళ్ళు ఇద్దరు. రెండో ప్లేటు వెంటనే తెచ్చి ఇవ్వకండి. ఇద్దరి మధ్యలో కింద కూర్చోండి, పిల్లల ఎత్తుకి, "ఇద్దరికీ ప్లేటే కావాలంట, ప్లేటేమో ఒకటే ఉంది, ఇప్పుడేం చేద్దాం?" అని మాత్రం అనండి, నిజంగా వాళ్ళ జవాబు కోసం ఆగండి. మా వాళ్ళు తేల్చింది ఏంటంటే ప్రతి స్టాప్‌కీ డ్రైవర్ మారాలి అని. కొట్టుకునేదాకా వస్తే మాత్రం ఆగకూడదు, చెయ్యి అడ్డం పెట్టాల్సిందే.

ఆడేటప్పుడు మనం ఏం మాట్లాడాలి

మనకి తెలియకుండానే ప్రతిదీ పరీక్ష చేసేస్తాం. పిల్లాడు బాటిల్ మూతలు పేర్చుకుంటుంటే వెళ్ళి "ఇది ఏ కలర్? ఇవెన్ని? వెరీ గుడ్" అంటాం. ఒకసారి గమనించండి, అలా అడిగిన రెండు నిమిషాలకి ఆ పిల్లాడు లేచి వెళ్ళిపోతాడు, లేదా మన మొహం చూస్తూ ఆడటం మొదలుపెడతాడు, ఆట పోయింది అప్పుడు. దానికి బదులు చూసింది చెప్పండి, "ఎర్రవన్నీ ఒక పక్కకి పెట్టావే" అని, చెప్పి ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి. చాలాసార్లు ఏడో ఎనిమిదో అంకె దగ్గర పిల్లాడే మాట్లాడతాడు, "అవి మిరపకాయలు, ఇవి మార్కెట్‌కి పోతయ్" అని, మీరు రంగులు అనుకున్నది వాడికి మిర్చి యార్డు. మీరు ముందే "రెడ్ కలర్" అనేసి ఉంటే ఆ మార్కెట్ బయటకి రాకపోయేది.

ఆట ఒకే చోట తిరుగుతుంటే ఒక సామాను చేర్చండి, మాట కాదు. రోజూ అన్నం వండడమే ఆడుతున్నారనుకోండి, ఒక రోజు ఆ చాప మీద ఒక పాత త్రాసు పెట్టి ఊరుకోండి, మర్నాటికి అది కూరగాయల కొట్టు అవుతుంది. లేకపోతే మీరే పాత్రలోకి దిగండి, "ఏమమ్మా, కిలో టమాటా ఎంత?" అని బేరం ఆడండి, టీచర్‌లా కాదు, నిజంగా కొనడానికొచ్చిన మనిషిలా. ఐదు నిమిషాలు ఉండి "బస్సుకి టైమైంది, వస్తా" అని లేచిపోండి. ఎక్కువసేపుంటే ఆట మన చుట్టూ తిరగడం మొదలవుతుంది.

కథ వారమంతా ఒకటే

కొత్త టీచర్లు రోజుకో కథ చెప్పాలనుకుంటారు. వద్దు. వారానికి ఒక కథ చాలు, పిల్లలకి అదే కథ మళ్ళీ కావాలి, రెండోసారి విన్నప్పుడు తర్వాతేం వస్తుందో తెలిసి ఎదురుచూస్తారు, ఆ ఎదురుచూడటంలోనే మాటలు నోటికొస్తాయి. నేను జూన్‌లో మొదలుపెట్టేది ఏడు చేపల కథతోనే. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు, చేపా చేపా ఎందుకెండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు, ఆవునేమో పిల్లాడు మేపలేదు, వాడికేమో అవ్వ బువ్వ పెట్టలేదు, ఎందుకంటే చంటిపాప ఏడ్చింది, ఎందుకంటే చీమ కుట్టింది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది చీమ. ఊరికో రకంగా చెప్తారు, మీ ఇంట్లో విన్నట్టే చెప్పండి, అదే సరైనది.

సోమవారం ఊరికే చెప్తాను, చేతులూ గొంతూ తప్ప ఏమీ ఉండవు, ప్రశ్నలు కూడా అడగను. మంగళవారం సామానుతో, అట్టముక్క చేపలు ఏడు, ఎండుగడ్డి గుప్పెడు, ఒక ఆవు బొమ్మ. బుధవారానికి "చేపా చేపా" అని నేను ఆపేస్తే చాలు, "ఎందుకెండలేదూ" అని క్లాసంతా అందుకుంటుంది. గురువారం ఆడించడం, ఒకళ్ళు గడ్డిమోపు, ఒకళ్ళు ఆవు, చీమ పాత్రకి మాత్రం పోటీ బాగా ఉంటుంది, అందుకని మా క్లాసులో ఐదారు చీమలుంటాయి. శుక్రవారం మార్చడం, "చీమ కుట్టకపోతే ఏమయ్యేది?" "అవ్వ బువ్వ ఎందుకు పెట్టలేదో మీరు చెప్పండి" అని. ఒక పాప "అవ్వ ఫోన్ మాట్లాడుతుంది, అందుకే" అంది, ఇంకొకడు "గ్యాస్ అయిపోయింది" అన్నాడు. అంటే దేనివల్ల ఏం జరుగుతుంది అనే గొలుసు వాళ్ళకి అందిందన్నమాట, అందులో ఒక కొక్కెం తీసి తమ ఇంటి కొక్కెం పెట్టుకున్నారు. ఇంకో సంగతి, ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు, ఇన్నిసార్లు ఒకే మూసలో మాటలు వస్తుంటే "నేను తిన్లే, పోలే" అని ఆపేసే పిల్లాడు కూడా "అవ్వ బువ్వ పెట్టలేదు కాబట్టి" అని నిండు వాక్యం మాట్లాడటం మొదలుపెడతాడు. ఈ కథని ఎవరు కట్టారో గానీ మూడేళ్ళ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే కట్టుంటారు.

పుస్తకాలు చదివి వినిపించేటప్పుడు మాత్రం 24 మందిని ఒకేసారి కూర్చోబెట్టొద్దు, వెనకవాళ్ళకి బొమ్మ కనబడదు, గిల్లుకుంటారు, మనం అరుస్తాం. ఆరుగుర్ని దగ్గరగా కూర్చోబెట్టుకుని, చదివే లైన్ కింద వేలు కదుపుతూ చదవండి, ఈ గుండ్రటి గీతలే మాటలవుతున్నాయని అలా తెలుస్తుంది. తెలుగులో పిల్లల పుస్తకాలు లేవు అంటారు, ఉన్నాయి, సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు వేసినవి తక్కువ ధరకే వస్తాయి, ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఫ్రీగా ఉన్నాయి, ప్రింట్ తీసుకోవచ్చు. ఫోన్‌లో చూపించేయకండి, ప్రింట్ తీసి అట్టకి అంటించి పిల్లల చేతికివ్వండి, పేజీ తిప్పడం వాళ్ళదే.

ఇంట్లో తెలుగు కాని పిల్లలు

మా వైపు తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలు చాలామంది. ఒక పాప మూడు నెలలు నోరు విప్పలేదు, ఆడుతుంది, నవ్వుతుంది, మాట మాత్రం లేదు. రికార్డులో "చురుకు తక్కువ" అని రాయబోయి ఆగాను, ఆగినందుకు ఇప్పటికీ సంతోషం. వాళ్ళ నాయనమ్మని పిలిచి వాళ్ళ భాషలోనే ఒక కథ చెప్పమన్నాం. ఆవిడ చెప్తుంటే ఈ పాప లేచి వెళ్ళి పక్కన నిలబడి మిగతా పిల్లలకి అదేంటో తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. అంటే ఆ మూడు నెలలూ మా మాటలన్నీ వింటూ లోపల దాచుకుంది. కోయ మాట్లాడేవాళ్ళైనా, ఉర్దూ అయినా, ఇంటి భాషలో ఆడనివ్వండి, తిట్టకండి. పాలకీ నీళ్ళకీ బువ్వకీ వాళ్ళ మాట ఏంటో మనం కూడా నాలుగు నేర్చుకుంటే ఆ పిల్లలకి ధైర్యం.

లెక్కలూ అక్షరాలూ ఎక్కడొస్తాయంటే

కాళ్ళాగజ్జ కంకాళమ్మ ఆడించండి. పిల్లలు కాళ్ళు చాపి వరసగా కూర్చుంటారు, ఒకళ్ళు పాట పాడుతూ ఒక్కో మాటకి ఒక్కో కాలు తాకుతూ పోతారు, ఆఖరి మాట పడ్డ కాలు ముడుచుకోవాలి. ఒక మాట ఒక కాలు, వదలకూడదు, రెండుసార్లు తాకకూడదు. వస్తువులు లెక్కపెట్టడం అంటే ఇదే కదా. పది దాకా గడగడా చెప్పే పిల్లల్ని ఐదు గోళీలు ఇచ్చి లెక్కపెట్టమంటే ఎనిమిది అంటారు, ఎందుకంటే నోరు పరిగెత్తుతుంది, వేలు వెనకపడుతుంది, ఈ ఆటలో ఆ రెండూ కలుస్తాయి.

బతుకమ్మ రోజుల్లో అయితే పండగే. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు గుట్టగా పోసి పిల్లలకి వదిలేస్తాం, ఏ పూలకాపూలు వేరు చేస్తారు, కాడలు సమానంగా తుంచుతారు, కింద పెద్ద చుట్టు, దానిమీద చిన్నది, ఇంకా చిన్నది, పసుపు తర్వాత తెలుపు తర్వాత ఎరుపు అని వరస పెడతారు. వేరు చేయడం, పెద్దా చిన్నా వరస, రంగుల వరస, మూడూ ఒకే పూట అయిపోతాయి.

అక్షరాలకి నేను ముందు చప్పట్లతో మొదలుపెడతాను. ప్రతి పిల్లాడి పేరూ చప్పట్లు కొడుతూ విడగొట్టడం, తర్వాత మాటలు, చి-ల-క మూడు, అ-మ్మ రెండు, ఏ-ను-గు మూడు. తర్వాత ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు వెతకడం, పలక, పడవ, పనస. ఇక్కడ పిల్లి అని చేర్చకండి, ఇంగ్లిష్‌లో P సౌండ్ అని కలిపినట్టు మనం కలపలేం, తెలుగు పిల్లల చెవికి ప వేరు, పి వేరు. చెవికి పట్టాక కంటికి అక్షరం చూపిస్తే తొందరగా పట్టుకుంటారు. రాయడం మాత్రం ఆగండి. తెలుగు అక్షరాలు అన్నీ గుండ్రాలు, వంపులు, మణికట్టు తిరగాలి, అది తిరగక ముందే నాలుగు గీతల పుస్తకంలో అ రాయిస్తే పిల్లాడు పెన్సిల్ గుప్పిట్లో బిగించి పట్టుకోవడం నేర్చుకుంటాడు, ఆ అలవాటు తీయడం చాలా కష్టం. దాని బదులు ముగ్గు వేయించండి, బియ్యప్పిండితో, సున్నం గానీ రాతి పొడి గానీ వద్దు, కళ్ళలో పడుతుంది. బొటనవేలు చూపుడువేలు మధ్య పిండి పట్టుకుని చుక్కలు పెట్టడం, చుక్కల చుట్టూ మెలిక తిప్పడం, ఇంతకన్నా మంచి రాత ప్రాక్టీస్ నేను చూడలేదు. మగపిల్లలకి కూడా వేయించండి, "ఆడపిల్లల పని" అని ఎవరన్నా అంటే నా క్లాసులో ఒప్పుకోను.

ఎవరు ఏం నేర్చుకున్నారో తెలియాలి కదా మరి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, రోజుకి నలుగురు పిల్లలు, తలా ఒక వాక్యం, వారంలో ఆరు రోజులకి 24 మంది అయిపోతారు. "ఇవాళ ఆరు కప్పులే పడతాయని చెప్పాడు", "చీమ పాత్ర పక్కవాడికి ఇచ్చేసింది", ఇలాగ. మంచిది, చురుకు, పర్లేదు లాంటి మాటలు రాయకండి, చూసింది రాయండి.

అమ్మానాన్నలకి చెప్పడం

పేరెంట్స్ మీటింగ్‌లో నేను రెండు పనులు చేస్తాను. ఒకటి, ఈ నోట్‌బుక్‌లోంచి వాళ్ళ పిల్లల వాక్యాలు చదివి వినిపిస్తాను, మార్కులకన్నా శ్రద్ధగా వింటారు. రెండు, ఇది నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదని చెప్తాను. గుజరాత్‌లో గిజుభాయ్ బధేకా అనే లాయర్ 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి కథలతో, ఆటలతో నేర్పించాడు. ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన బడి మొదలుపెట్టింది కూలీ పని చేసుకునేవాళ్ళ పిల్లలతో, 1939లో ఆవిడ మద్రాస్ వచ్చి మన టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు. 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పుడే బడికి ముందు చదువు అందులో ఒక భాగం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే మెట్టుగా పెట్టి అందులో ఆటలతోనే నేర్పమంది, ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంది, దాని ప్రకారం 2022 అక్టోబర్‌లో ఈ వయసు పిల్లలకి ప్రత్యేకంగా కరికులం ఫ్రేమ్‌వర్క్ వచ్చింది, తర్వాతి ఏడాది బొమ్మలు, కార్డులు, కథలతో జాదూయీ పిటారా అని ఒక పెట్టె కూడా తెచ్చారు. ఇంత చెప్పినా "పక్క స్కూల్లో ఎల్‌కేజీకే ఎక్కాలు చెప్తున్నారు" అంటారు కొందరు. వాళ్ళతో వాదించను, ఒక శనివారం పొద్దున వచ్చి గంటసేపు చాప మీద కూర్చోమంటాను. వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇంటికెళ్ళాక "ఇవాళ ఏం నేర్చుకున్నావ్?" అని అడిగితే పిల్లలు "ఏం లేదు" అంటారు, అది అబద్ధం కాదు, వాళ్ళకి అది నేర్చుకోవడంలా అనిపించలేదు అంతే. వేరేలా అడగమని చెప్పండి, "చీమ ఎవర్ని కుట్టింది ఇవాళ?" "బస్సు ఎక్కడిదాకా పోయింది?" అని. మొన్న గేటు దగ్గర ఒక నాన్న నా ముందే అలా అడిగాడు. కొడుకు బైక్ ఎక్కుతూ, "మధిర దాకా పోయింది నాన్నా, దార్ల టైర్ పంచర్ అయింది, అందరం దిగి నెట్టినం, నేనొక్కణ్ణే దిగలే, నేను డ్రైవర్ని" అన్నాడు.